నాడీకణపు సరిహద్దు, లోపలి అస్థిపంజరం: ఒక చారిత్రక పరిశీలన

నాడీకణానికి ఆకారాన్ని ఇచ్చేది ఏది అన్న ప్రశ్న కంటే ముందు, నాడీకణం విడి కణమేనా అన్న ప్రశ్న శాస్త్రవేత్తల ముందు నిలిచింది. ఈ రెండు ప్రశ్నల చరిత్ర ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1873లో ఇటలీ శాస్త్రవేత్త కామిల్లో గోల్జి వెండి లవణంతో నాడీకణాలకు నల్లరంగు పట్టించే పద్ధతిని ప్రకటించాడు. నాడీవ్యవస్థ ఒక అవిచ్ఛిన్నమైన వల అని ఆయన భావించాడు. అదే పద్ధతిని మెరుగుపరచిన స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ ప్రతి నాడీకణమూ స్వతంత్రమేనని నిర్ధారించాడు. 1906లో నోబెల్ బహుమతిని ఇద్దరూ పంచుకున్నప్పటికీ, గోల్జి తన బహుమతి ఉపన్యాసంలోనే ఆ సిద్ధాంతాన్ని వ్యతిరేకించాడు.

కణం లోపలి సన్నని నాడీతంతుకాలు ఈ వివాదానికి కొత్త ఆధారమయ్యాయి. హంగేరీకి చెందిన ఆపాతి 1897లో, అవి ఒక కణం నుండి మరొక కణంలోకి సాగుతాయని వాదించాడు. 1903లో కహాల్ మరొక రజత పద్ధతిని రూపొందించి, అవి కణం లోపలే ఉంటాయని బదులిచ్చాడు. అంటే నేడు కణ అస్థిపంజరంగా గుర్తిస్తున్న నిర్మాణమే ఆనాడు కణానికి సరిహద్దు లేదనడానికి సాక్ష్యంగా నిలిచింది. 1950ల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలు రెండు కణాల పొరల నడుమనున్న ఎడాన్ని స్పష్టంగా చూపిన తరువాత వల సిద్ధాంతానికి చోటు లేకుండా పోయింది.

పొరకు ఆనుకొని ఉన్న నిర్మాణం గురించిన తొలి ఆధారం మెదడు నుండి గాక రక్తం నుండి లభించింది. 1968లో మార్చెసి, స్టియర్స్ ఎర్ర రక్తకణాల పొర నుండి స్పెక్ట్రిన్‌ను వేరుచేశారు. దానికి సజాతీయమైన ప్రోటీన్లు నాడీకణాలలోనూ ఉన్నట్లు తరువాత తేలింది. 2007లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, బీటా-స్పెక్ట్రిన్ లేని సూక్ష్మ క్రిములలో, శరీరం కదిలినప్పుడే తంత్రికాక్షాలు తెగిపోయాయి. 2013లో జువాంగ్ బృందం అతిసూక్ష్మ విభేదన గల సూక్ష్మదర్శినితో తంత్రికాక్షం పొర కింద, సుమారు 180–190 నానోమీటర్ల దూరాన ఒకటి చొప్పున ఆక్టిన్ వలయాలను చూసింది. వాటిని కలిపేది స్పెక్ట్రిన్. పొరలోని సోడియం ద్వారాలు కూడా ఆ క్రమాన్నే అనుసరించాయి.

దశాబ్దాల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలలోనూ ఈ వలయాలు గుర్తింపునకు రాలేదన్నది గమనార్హం. పరికరం మారినప్పుడల్లా కనిపించేది మారింది. కాని కనిపించినదానికి అర్థం చెప్పినది పరికరం కాదు, వాదం. ఒకనాడు సరిహద్దును చెరిపివేయడానికి సాక్ష్యంగా చూపిన లోపలి నిర్మాణం, చివరికి ఆ సరిహద్దును నిలబెట్టేదిగా తేలింది.