రహదారి తనిఖీ: వాహన చోదకుల, పోలీసుల విధులు

కోల్‌కతా రేవులున్న ఖిదిర్‌పూర్ మార్గాల్లో సరకు లారీల రాకపోకలు అధికం. చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లే చోదకులకు అక్కడి భాష కొత్త కావచ్చు. అయితే తనిఖీలకు ఆధారమైన మోటారు వాహనాల చట్టం, 1988 ఉభయ రాష్ట్రాల్లోనూ ఒక్కటే.

బహిరంగ ప్రదేశంలో యూనిఫాం ధరించిన పోలీసు అధికారి కోరితే 130వ సెక్షన్ ప్రకారం చోదకుడు లైసెన్సు చూపాలి. డిజిలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలోని పత్రాలూ చెల్లుతాయి. చట్టబద్ధమైన ఆదేశాన్ని ఉద్దేశపూర్వకంగా ధిక్కరిస్తే 179వ సెక్షన్ కింద 2,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

లైసెన్సును స్వాధీనం చేసుకునే పోలీసు అధికారి 206వ సెక్షన్ ప్రకారం తాత్కాలిక రసీదు ఇవ్వాలి. లైసెన్సు తిరిగి వచ్చేవరకు లేదా రసీదులోని గడువు వరకు, ఏది ముందైతే అంతవరకు, దానితో వాహనం నడపవచ్చు. అతివేగం, ప్రమాదకర చోదనం, మద్యం సేవించి నడపడం వంటి నేరాల్లో రద్దు లేదా అనర్హత చర్యలకై లైసెన్సు తీసుకుంటే మాత్రం రసీదు ఉన్నా నడపరాదు. అందువల్ల రోజు కూలిపై ఆధారపడిన చోదకుడు రసీదు అడిగి తీసుకోవడమే కాక, అందులో రాసిన కారణాన్నీ చదువుకోవాలి.

ఈ చట్టాన్ని అమలుచేసే అధికారులే దానిని ఉల్లంఘిస్తే 210బి సెక్షన్ రెట్టింపు శిక్ష విధిస్తోంది. నేరారోపణను అంగీకరించని చోదకుడు రోడ్డుపై వాగ్వాదానికి దిగక, చలానాను న్యాయస్థానంలో సవాలు చేయవచ్చు.