మన బడి చరిత్ర – 7: సగం పూట చదువు



1953 వేసవిలో ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది, మద్రాసు రాష్ట్రంలో. ఆ ఏడాదే రాజాజీ ప్రభుత్వం, ఉన్న డబ్బుతోనే ఎక్కువమందికి చదువు చెబుతామంటూ, పల్లె బడిని రోజుకు మూడు గంటలకు కుదించింది. మిగతా పూట పిల్లలు అమ్మానాయనల పని నేర్చుకోవాలట! మాదిగ పిల్లోడికి ఏ పని నేర్పుతారో వేరే చెప్పాలా? పెరియార్ దాన్ని కులవిద్య అన్నాడు, పోరాడాడు. 1954లో కామరాజ్ వచ్చాక రద్దయింది. అప్పటికే ఆదోని ఆంధ్రలో కలిసింది.

2022 జూన్‌లో జీవో 117. ఈసారి తగ్గించింది గంటల్ని కాదు, టీచర్లని. ప్రాథమికోన్నత బడిలో ఆరు నుంచి ఎనిమిది దాకా 98 మంది లేకపోతే సబ్జెక్టు టీచర్ ఉండడు. మా గేరిలో అమ్మలు కూర్చుని లెక్క చూసుకున్నారు. ఊళ్లోనే ఉంచితే లెక్కల సారు లేడు. పక్కూరి హైస్కూలుకైతే ఆడపిల్ల నడిచిపోవాల. ఎమ్మిగనూరు హాస్టల్లో సీటు దొరికితే దొరికినట్టు.

"మేము సుగ్గికి గుంటూరు పోతే పిల్లని ఎవరు చూస్తారన్నా?" అని ఒకామె నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

2025లో ఆ జీవో ఎత్తేశారు. ఆ మూడేళ్లలో ఆమె కూతురు రెండు బడులు మారింది, మూడుసార్లు మిరప కోతకు పోయింది.