పిల్లల జబ్బులు – ప్రయోగశాల చెప్పిన పేర్లు

పిల్లలకు వచ్చే జబ్బులకు మన పూర్వులు లక్షణాలను బట్టి పేర్లు పెట్టారు. దగ్గి దగ్గి చివరకు కూత వేసినట్లు ఊపిరి తీసుకుంటే కోరింత దగ్గు. గొంతులో పొర కట్టి శ్వాస ఆడకపోతే కంఠసర్పి. వణుకుతో వచ్చేది చలిజ్వరం. రోజుల తరబడి దిగకుండా పీడించేది సన్నిపాత జ్వరం. ఈ పేర్ల వెనుక తరతరాల నిశిత పరిశీలన ఉన్నది. కాని పైకి ఒకేలా కనిపించే రెండు జబ్బులను వేరు చేసే శక్తి ఆ పేర్లకు లేదు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డకు పట్టినది మలేరియాయో, టైఫాయిడో, న్యుమోనియాయో నుదుటిపై చేయి వేసి చెప్పగలిగినవారు ఆనాడూ లేరు, ఈనాడూ లేరు. ఆ తేడాను మనకు చెప్పినది ప్రయోగశాల. ఆ విద్య వయస్సు సుమారు 140 సంవత్సరాలు మాత్రమే.

రక్తపు చుక్కలో చలిజ్వరం

నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం. ఇక్కడి నుంచి చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు కొండలెక్కే ప్రతి తరమూ మన్యపు జ్వరానికి భయపడింది. అడవి గాలి సోకిందనీ, నీరు పడలేదనీ అనుకునేవారు. ఐరోపావారి ఆలోచనా దీనికి భిన్నమేమీ కాదు. మలేరియా అనే ఇటాలియన్ మాటకు అర్థమే చెడుగాలి.

1880లో అల్జీరియాలోని కాన్‌స్టంటీన్ పట్టణంలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్, జ్వరపీడితుడైన ఒక సైనికుని రక్తంలో కదలాడుతున్న పరాన్నజీవిని చూశాడు. అది మనిషిలోకి ఎలా ప్రవేశిస్తుందన్న ప్రశ్నకు దారి మన సికింద్రాబాదులో దొరికింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడలో ఆ పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

అంతకు ముందు ప్రతి జ్వరానికీ క్వినైన్ ఇచ్చి, తగ్గితే మలేరియా అనీ, తగ్గకపోతే మరేదో అనీ తలపోసేవారు. అద్దపు పలకపై రక్తపు చుక్కను పరచి, రంగు వేసి చూసే పద్ధతి వచ్చిన తరువాత ఈ ఊహాగానం అవసరం తప్పింది. వేలికొన నుంచి తీసిన ఒక చుక్క, ఒక సూక్ష్మదర్శిని, ఓర్పుగల ఒక మనిషి ఉంటే చాలు. నేటికీ మలేరియా నిర్ధారణకు ప్రామాణికమైన పరీక్ష అదే.

గొంతులోని పొర

కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, ఒకప్పుడు ఒకే ఇంటిలో ఇద్దరు ముగ్గురు పిల్లలను పొట్టన పెట్టుకునేది. 1883లో క్లెబ్స్ ఆ పొరలో ఒక బాక్టీరియాను చూశాడు. 1884లో బెర్లిన్‌లో లోఫ్లర్ దానిని వేరు చేసి పెంచాడు. అయితే ఆరోగ్యంగా ఉన్న ఒక బిడ్డ గొంతులోనూ అదే బాక్టీరియా ఆయనకు కనిపించింది. దానితో ఆయన తొందరపడి తుది తీర్పు చెప్పలేదు. సూక్ష్మజీవి శరీరంలో ఉండడం వేరు, జబ్బు కలిగించడం వేరు అన్న పాఠం ప్రయోగశాలకు తొలినాళ్లలోనే అందింది. జబ్బు లేకుండానే సూక్ష్మజీవిని మోసే వాహకులు ఉంటారని తరువాత తేటతెల్లమయింది. 1888లో రూ, యెర్సిన్ ఆ బాక్టీరియా విడుదల చేసే విషాన్ని నిరూపించారు. 1890లో బెరింగ్, కిటసాటో విషానికి విరుగుడు సీరం మార్గాన్ని చూపారు.

ఈ జ్ఞానాన్ని ప్రజల వద్దకు చేర్చిన తీరు ఇంకా ముచ్చటైనది. 1893లో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ తన ప్రయోగశాల నుంచి గొంతు నమూనా తీసే దూది పుల్లలను, పెంపక ద్రవ్యం నింపిన గొట్టాలను మందుల దుకాణాలలో ఉంచింది. వైద్యుడు నమూనా తీసి దుకాణంలో ఇచ్చేవాడు. సాయంత్రం వాటిని సేకరించి, రాత్రంతా వెచ్చని పెట్టెలో పెంచి, మరునాటికి ఫలితం తెలిపేవారు. డిఫ్తీరియాగా అనుమానించిన గొంతు జబ్బులలో చాలా భాగం డిఫ్తీరియా కావని అప్పుడు తెలిసింది.

వంటింటి నుంచి వచ్చిన సాయం

బాక్టీరియాను పెంచడానికి తొలిరోజులలో జెలటిన్ వాడేవారు. వేసవి వేడికి అది కరిగి నీరయ్యేది. రాబర్ట్ కాఖ్ ప్రయోగశాలలో పనిచేసిన వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, వంటలో తాను వాడే అగర్‌ను వాడి చూడమని సలహా ఇచ్చింది. సముద్రపు నాచు నుంచి తీసే ఆ పదార్థం శరీరపు వేడికి కూడా కరగదు. 1887లో పెట్రి మూతగల గుండ్రని పళ్ళేన్ని రూపొందించాడు. 1884లో డెన్మార్క్ వైద్యుడు గ్రామ్, న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తులను పరిశీలిస్తూ, బాక్టీరియాను రెండు ప్రధాన వర్గాలుగా విడదీసే రంగు పద్ధతిని కనుగొన్నాడు. తన పద్ధతి లోపాలు గలదని ఆయనే వినయంగా రాసుకున్నాడు. ఆ పద్ధతినే నేటికీ ప్రతి ప్రయోగశాలలోనూ నిత్యం వాడుతున్నారు.

విరేచనాల వెనుక ఎవరు?

మ్యూనిక్ నగరంలో పిల్లల వైద్యుడు ఎష్రిక్, శిశువుల మలాన్ని పరీక్షిస్తూ 1885లో ఒక బాక్టీరియాను వర్ణించాడు. నేడు మనం ఇ. కోలై అని పిలిచేది దానినే. అది పేగులలో మనతో కలిసి జీవించేదే. కాని మూత్రపథంలో చేరితే పిల్లల మూత్రాంగ వ్యాధులకు ప్రధాన కారణమవుతుంది. దాని ఉపజాతులు కొన్ని తీవ్రమైన విరేచనాలను కలిగిస్తాయి.

1897లో జపాన్‌లో 90,000 మందికి పైగా రక్త విరేచనాల బారిన పడినప్పుడు, యువ వైద్యుడు షిగా దానికి కారణమైన బాక్టీరియాను పట్టుకున్నాడు. ఆ బాక్టీరియా ఆయన పేరనే షిగెల్లా అయింది.

అయినా నీళ్ల విరేచనాలతో వచ్చే పసిపిల్లలు ఎందరిలోనో ఏ బాక్టీరియా దొరికేది కాదు. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం, జబ్బు పడిన పిల్లల చిన్నపేగు పొరను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి చక్రం వంటి వైరస్‌ను చూసింది. అదే రోటావైరస్. చక్రానికి లాటిన్ మాట రోటా. ఈ కథ మళ్లీ తెలుగునేలకు వచ్చింది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో నవజాత శిశువుల నుంచి వేరు చేసిన 116ఇ అనే రోటావైరస్‌తో హైదరాబాదులోని భారత్ బయోటెక్ టీకా తయారు చేసింది. 2016లో రోటావైరస్ టీకాను సార్వత్రిక టీకాల కార్యక్రమంలో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. శత్రువు ఎవరో తెలియకపోతే ఆ టీకాయే లేదు.

వైడాల్ పరీక్ష – పాత పనిముట్టు, కొత్త చిక్కు

1896లో పారిస్‌లో ఫెర్నాండ్ వైడాల్, టైఫాయిడ్ రోగి రక్తరసం టైఫాయిడ్ బాక్టీరియాను గుమిగూడేలా చేస్తుందని చూపాడు. బాక్టీరియాను పెంచే వసతి లేని చోట ఆ పరీక్ష ఒక వరమే. కాని అది వెదికేది బాక్టీరియాను కాదు, దానిపై శరీరం తయారు చేసిన ప్రతిరక్షకాలను. జ్వరం వచ్చిన మొదటి వారంలో అవి తగినంతగా ఉండకపోవచ్చు. ఎన్నడో సోకిన జబ్బు వలన, తీసుకున్న టీకా వలన, మలేరియా వంటి ఇతర జ్వరాల వలన కూడా పరీక్ష సానుకూలంగా రావచ్చు. టైఫాయిడ్ నిత్యం తిరుగాడే మన ప్రాంతంలో ఆరోగ్యవంతులలోనూ కొద్దిపాటి ప్రతిరక్షకాలు ఉంటాయి.

అయినా మన చిన్న పట్టణాలలో జ్వరం వచ్చిన రెండవ రోజుననే ఒక్క వైడాల్ చీటీని చూసి "టైఫాయిడ్ ఉంది" అనుకోవడం పరిపాటి అయింది. దీని వలన రెండు నష్టాలు. వైరస్ జ్వరపు బిడ్డ అనవసరంగా యాంటీబయాటిక్స్ మింగుతాడు. అసలు జబ్బు మలేరియా అయితే విలువైన రోజులు చేజారిపోతాయి. ఇక అనవసరపు వాడకం బాక్టీరియాను మొండివిగా మారుస్తుంది. ఒకప్పుడు టైఫాయిడ్‌ను లొంగదీసిన మందులు కొన్ని నేడు పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

టైఫాయిడ్‌ను నిర్ధారించే మేలైన మార్గం రక్తపు కల్చర్. ఒక మిల్లీలీటరు రక్తంలో ఒకటి రెండు బాక్టీరియా మాత్రమే ఉండవచ్చు కనుక తగినంత రక్తం కావాలి, యాంటీబయాటిక్ మొదలు పెట్టక ముందే తీయాలి. అప్పటికీ కొన్నిమార్లు అది దొరకదు. కాని దొరికినప్పుడు ఏ మందుకు లొంగుతుందో కూడా చెబుతుంది.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి

పిల్లలకు వచ్చే జలుబులు, దగ్గులు, గొంతునొప్పులలో అధికభాగం వైరస్‌ల వలన కలిగేవే. వాటిపై యాంటీబయాటిక్స్ పనిచేయవు. నీళ్ల విరేచనాలకు మొదటి చికిత్స ఓ.ఆర్.ఎస్. ద్రావణం, జింకు. తల్లిపాలు ఆపకూడదు. మన్యపు గ్రామాలలో నివసించినా, అక్కడికి వెళ్లి వచ్చినా, బిడ్డకు జ్వరం వస్తే ఆ సంగతి వైద్యునికి చెప్పి అదే రోజున మలేరియా పరీక్ష చేయించాలి. కల్చర్‌కు మూత్రం ఇవ్వవలసినప్పుడు శుభ్రపరచిన తరువాత, శుభ్రమైన సీసాలో పట్టి, ఆలస్యం చేయక అందజేయాలి. ఇంటిలో మిగిలిన యాంటీబయాటిక్ పోసి, ఆ తరువాత పరీక్షకు తీసుకురావద్దు. అయితే బిడ్డ పాలు తాగలేకపోయినా, మూర్ఛ వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా, మగతగా ఉన్నా ఫలితం కొరకు ఇంటివద్ద వేచి ఉండరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. నమూనాలు తీసుకుని చికిత్స మొదలుపెట్టడం వైద్యుల బాధ్యత.

లోఫ్లర్ తొందరపడని తీరు మనకూ ఆదర్శమే. చీటీపై "పాజిటివ్" అన్న ఒక్క మాట రోగ నిర్ధారణ కాదు. బిడ్డను చూసిన కన్ను, సూక్ష్మజీవిని చూసిన కన్ను ఒకే మాట చెప్పినప్పుడే ఆ జ్వరానికి సరైన పేరు దొరికినట్లు.