లినక్సులో డయల్-అప్ అనుసంధానము - లోపనిర్ధారణ

డయల్-అప్ అనుసంధానము అనగా సాధారణ టెలిఫోను లైను మీదుగా, మోడెము సహాయముతో కంప్యూటరును ఇంటర్నెట్టుకు కలుపు పద్ధతి. లినక్సులో ఈ అనుసంధానము నాలుగు దశలలో ఏర్పడుతుంది: కంప్యూటరు మోడెముతో మాట్లాడుట, మోడెము డయలు చేసి అవతలి మోడెమును కలియుట, పీపీపీ నియమావళి ప్రకారము వాడుకరిని సరిచూచుట, సమాచారము వెళ్ళుటకు మార్గము ఏర్పడుట. ఏ దశ వరకు పని సవ్యముగా జరిగినదో తెలిసినచో, లోపము ఆ తరువాతి దశలో ఉన్నదని గ్రహించవచ్చును.

నేపథ్యము

భారతదేశములో విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 1995 ఆగష్టు 15న ప్రజలకు ప్రారంభించిన ఇంటర్నెట్ సేవ ప్రధానముగా డయల్-అప్ పద్ధతిపై నడిచినది. 1998 నాటి వీ.90 ప్రమాణముతో దీని గరిష్ఠ వేగము సెకనుకు 56 కిలోబిట్లకు చేరినది. బ్రాడ్‌బ్యాండు వ్యాప్తితో వాడుక క్షీణించినది. అమెరికాలో ఏఓఎల్ సంస్థ తన డయల్-అప్ సేవను 2025 సెప్టెంబరు 30న నిలిపివేసినది.

విన్‌మోడెముల సమస్య

సీరియల్ పోర్టుకు తగిలించు బాహ్య మోడెములు సంకేతములను మార్చు పనిని తామే చేస్తాయి. కావున వాటికి లినక్సులో ప్రత్యేక డ్రైవరు అవసరము లేదు. కంప్యూటరు లోపల అమర్చు చౌక కార్డులలో అనేకము విన్‌మోడెములు. వీటిలో ఆ పనిని కంప్యూటరు ప్రాసెసరే సాఫ్ట్‌వేరు ద్వారా చేస్తుంది. ఆ సాఫ్ట్‌వేరును తయారీదారులు ఎక్కువగా విండోసుకు మాత్రమే ఇచ్చుట వలన లినక్సు వాడుకరులు ఇబ్బందిపడ్డారు. లూసెంట్, కోనెగ్జాంట్, స్మార్ట్‌లింక్ చిప్పులకు లినక్సు డ్రైవర్లు వెలువడినవి గాని, అవి ఆనాటి కెర్నెళ్ళకు ఉద్దేశించినవి. 'ఎల్ఎస్‌పీసీఐ' ఆదేశము జాబితాలో కార్డు పేరు కనిపించినంత మాత్రమున అది పనిచేయునని చెప్పలేము.

దశలవారీ పరిశీలన

1. పోర్టు: విండోసులోని కామ్1, కామ్2 పోర్టులకు లినక్సులో టీటీవైఎస్0, టీటీవైఎస్1 అని పేర్లు. మినికామ్ ప్రోగ్రాములో 'ఏటీ' అని టైపు చేసి ఎంటరు నొక్కినచో మోడెము 'ఓకే' అని బదులివ్వవలెను. బదులు రానిచో విద్యుత్తు, కేబులు, పోర్టు పేరు, అనుమతులు చూడవలెను. డెబియన్‌లో వాడుకరి 'డయల్‌అవుట్' సమూహములో సభ్యుడై ఉండవలెను.

2. డయలు: 'నో డయల్‌టోన్' అని వచ్చినచో అదే లైనుకు టెలిఫోను తగిలించి వినవలెను. టోను వినిపించుచున్నను మోడెము గుర్తించనిచో 'ఏటీఎక్స్3' ఆదేశము ఇచ్చినచో, అది టోను కొరకు ఆగక డయలు చేస్తుంది. 'నో క్యారియర్' అనగా అవతలి మోడెముతో సంబంధము కుదరలేదు, లేదా తెగిపోయినది. లైనులో గరగర శబ్దము, అదే లైనుపై మరొకరు ఫోను ఎత్తుట, కాల్ వెయిటింగు ఇందుకు తరచుగా కారణములు.

3. ప్రవేశము: 'కనెక్ట్' అని వచ్చిన పిదప ఆగిపోయినచో పీపీపీడీ ప్రోగ్రాము ఇచ్చు ముగింపు సంఖ్యను చూడవలెను. 19 అనగా అవతలి సర్వరు మన పేరును, సంకేతపదమును అంగీకరించలేదు. 10 అనగా పీపీపీ ఒప్పందము కుదరలేదు. 16 అనగా మోడెము లైను తెగినది.

4. మార్గము: అనుసంధానము ఏర్పడినను వెబ్ పుటలు తెరచుకొననిచో 'పింగ్' ఆదేశముతో ఒక అంకెల చిరునామాను పరీక్షించవలెను. అంకెలకు జవాబు వచ్చి పేర్లకు రానిచో లోపము డీఎన్ఎస్‌లో ఉన్నది. పీపీపీడీకి 'యూజ్‌పీర్‌డీఎన్ఎస్' అను ఐచ్ఛికము చేర్చినచో సర్వరు నుండి డీఎన్ఎస్ చిరునామాలు లభిస్తాయి. అంకెలకు కూడ జవాబు రానిచో డిఫాల్టు రూటును చూడవలెను. నెట్‌వర్కు కార్డు పేరిట అప్పటికే ఒక రూటు ఉన్నచో పీపీపీడీ సాధారణముగా దానిని మార్చదు. దానిని తొలగించి మరల డయలు చేయవలెను.

ఉపకరణములు

డబ్ల్యువిడయల్, కేపీపీపీ అను ప్రోగ్రాములు డయలు చేయుటను సులభము చేసినవి. రెండును వెనుక పీపీపీడీనే నడుపుతాయి. కావున ఏ ప్రోగ్రామును వాడినను పై పరిశీలన వర్తిస్తుంది. పరిశీలించునపుడు ఒకసారికి ఒక్క అమరికనే మార్చి మరల డయలు చేయవలెను. అనేకము ఒకేసారి మార్చినచో దేనివలన ఫలితము వచ్చినదో తెలియదు.