దవడ నుంచి నెత్తికెక్కిన పసుపు ద్రవం

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అన్న మాట మన బామ్మల నోటికి కూడా అలవాటైపోయింది. "కణాలు ఎంతకు పడిపోయాయి?" అన్న ప్రశ్న వినపడని వానాకాలం లేదు. ఒక్క మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సిన ఆ కణాలే బట్టతల వైద్యంలోకీ వచ్చాయి. అదీ చాలా చుట్టూ తిరిగి.

1882లో ఇటలీలోని ట్యూరిన్‌లో జూలియో బిజ్జొజేరో వీటి పని కనిపెట్టాడు. రక్తనాళం తెగిన చోట ఒకదానికొకటి అతుక్కుని గండి పూడుస్తాయని తేల్చాడు. ఆ తర్వాత చాలాకాలం లోకం వాటిని గండి పూడ్చే కూలీలుగానే చూసింది. 1974లో అమెరికాలో రస్సెల్ రాస్ బృందం ధమనులు ఎందుకు పూడుకుపోతాయో వెతుకుతోంది. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన సీరం పోస్తే ధమని గోడలోని కండర కణాలు చకచకా పెరిగాయి. ప్లేట్‌లెట్లు తీసేసిన ప్లాస్మాతో చేసిన సీరం పోస్తే పెరగలేదు. పెంచే సరుకు ప్లేట్‌లెట్ల కడుపులోనే ఉందని అలా బయటపడింది. జబ్బు మూలం కోసం తవ్వుతుంటే మందు తగిలిందన్నమాట!

ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ప్లాస్మా, అంటే పీఆర్‌పీ అన్న పేరు మొదట రక్తనిధి వాళ్లది. కణాలు తగ్గినవాళ్లకు ఎక్కించే సంచి అది. దాన్ని సర్జరీ బల్ల మీద నిలబెట్టింది 1998లో మయామీ నోటి శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్. దవడ ఎముక పోయినవాళ్లకు అతికే ఎముకలో, వాళ్ల రక్తం నుంచే వేరుచేసిన ఈ ద్రవాన్ని కలిపాడు. కలిపినవాళ్లలో ఎముక తొందరగా ముదిరింది.

జుట్టు నాటే విద్య అంతకు ముందుదే. తల వెనక వెంట్రుకల కుదుళ్లను ముందుకు తెచ్చి నాటినా అవి వెనకటి స్వభావంతోనే పెరుగుతాయని న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1950లలోనే చూపాడు. చిక్కంతా నాటిన మొదటి కొద్ది రోజులదే. పీకిన నారు మూన తిరిగేదాకా రైతుకు ఎంత బెంగో, ఇక్కడ వైద్యుడికీ అంతే. కొత్త రక్తనాళాలు అల్లుకునేదాకా కుదురు చుట్టూ ఊరే ద్రవం మీదే బతకాలి.

ఆ కొద్ది రోజులకు సాయంగా మార్క్స్ ద్రవాన్ని బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రేలో కార్లోస్ ఊబెల్ వాడి చూశాడు. 2006లో అచ్చయిన ఆ ప్రయోగంలో 20 మంది మగవాళ్లు. ఒకే తల మీద ఒక పక్క నాటే కుదుళ్లను ఈ ప్లాస్మాలో నానబెట్టి నాటాడు, రెండో పక్క మామూలుగా. చదరపు సెంటీమీటరుకు 20 చొప్పున నాటితే నానబెట్టిన పక్క సగటున 18.7, మామూలు పక్క 16.4 నిలిచాయి. ఎవరి తలతో వారి తలనే పోల్చడం నాకు నచ్చిన సంగతి. మనుషులు 20 మందేనన్నది మరవకూడదు.

ఇప్పుడైతే నానబెట్టడంతో ఆగక, నెత్తిలోకి సూదితో గుచ్చుతున్నారు కూడా. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో ఎన్నిసార్లు తిప్పాలి, ప్లాస్మాను ఎంత చిక్కగా తీయాలి అన్నది ఒక్కో క్లినిక్కు ఒక్కో లెక్క. ప్రకటనల్లో మాత్రం సహాయకుడు ఎప్పుడో కథానాయకుడైపోయాడు. ఊబెల్ లెక్కలో ఈ ద్రవం చుక్క తగలని పక్క కూడా ఇరవైకి పదహారు కుదుళ్లు బతికాయి.