దాచిన గదిలో ఒక పేరు

మన కావ్యకర్తలు ఆశ్వాసాంత గద్యలో తమ పేరూ, తండ్రి పేరూ చెప్పుకున్నారు. త్యాగరాజ కీర్తన చివరి చరణంలో ఆయన పేరు వినిపిస్తుంది. కృతికి కర్త ఉంటాడనీ, ఆ కర్తకు పేరు ఉంటుందనీ సాహిత్యంలో ఎవరూ వాదించి ఒప్పించవలసిన పని లేదు. వీడియో గేముల చరిత్రలో మాత్రం ఈ చిన్న హక్కు కోసం పోరాటమే జరిగింది.

నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ 1972లో కాలిఫోర్నియాలో అటారి సంస్థను స్థాపించారు. 1976లో అది వార్నర్ కమ్యూనికేషన్స్ చేతికి వెళ్ళింది. మరుసటి ఏడాది, ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే యంత్రాన్ని అటారి విడుదల చేసింది. ఒక్కో ఆట ఒక్కో కార్ట్రిడ్జ్‌లో వచ్చేది. యంత్రంలోని తాత్కాలిక జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. అంత ఇరుకులో ఒక లోకాన్ని సృష్టించాలి. ఊహ, బొమ్మ, శబ్దం, ప్రోగ్రాం అన్నీ సాధారణంగా ఒకే మనిషి పని. అంటే ఆ ఆట ఒక నవలలాగే ఏకకర్తృకం. అయినా అట్టపెట్టె మీద సంస్థ పేరు తప్ప ఆ మనిషి పేరు ఉండేది కాదు.

తమ ఆటలు కోట్ల డాలర్లు తెస్తున్నాయని గ్రహించిన నలుగురు, డేవిడ్ క్రేన్, లారీ కప్లాన్, ఆలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, తమకు గుర్తింపూ, రాబడిలో వాటా కావాలని అడిగారు. యాజమాన్యం నిరాకరించింది. వాళ్ళు బయటికి వచ్చి 1979లో యాక్టివిజన్‌ను స్థాపించారు. ఆటతో ఇచ్చే చిన్న పుస్తకంలో రూపకర్త పేరు అచ్చయింది. 1982 నాటి ‘రివర్ రైడ్’ కెరోల్ షా అనే మహిళ సృష్టి అని ఆడినవాళ్ళకు తెలిసింది అలాగే.

వారెన్ రాబినెట్ మరో దారి పట్టాడు. తాను రూపొందించిన ‘అడ్వెంచర్’లో ఎవరికీ చెప్పకుండా ఒక గదిని దాచాడు. నేపథ్యపు రంగులో కలిసిపోయే ఒకే ఒక్క చుక్కను వెతికి పట్టుకుని తెస్తేనే అందులోకి దారి. లోపల ఉన్నది నిధి కాదు, కర్త పేరు. రాబినెట్ ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాక, సాల్ట్ లేక్ సిటీకి చెందిన ఒక కుర్రవాడు ఆ గదిని కనిపెట్టి సంస్థకు ఉత్తరం రాశాడు. కార్ట్రిడ్జ్‌ను మార్చి తయారు చేయించడం ఖర్చుతో కూడిన పని. చివరికి ఆ గదిని అలాగే ఉంచారు. ఇలాంటి రహస్యాలకు ‘ఈస్టర్ ఎగ్’ అనే పేరు అక్కడే స్థిరపడింది.

పేరుతో పాటు నిందా వస్తుంది. హోవర్డ్ స్కాట్ వార్షా 1982లో ‘ఈ.టీ.’ ఆటను సుమారు 5 వారాల్లో పూర్తి చేయవలసి వచ్చింది. ఆట విఫలమైంది. అమ్ముడుపోని కార్ట్రిడ్జ్‌లను 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డోలో పాతిపెట్టారు. అదే ఏడాది అమెరికాలో ఈ పరిశ్రమే కుప్పకూలింది. అంగళ్ళలో నాసిరకం ఆటలు పేరుకుపోవడం అందుకు ఒక ముఖ్యకారణం. లోకం మాత్రం చాలాకాలం ఒక్క వార్షానే వేలెత్తి చూపింది. గడువు విధించినవారి పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

నేడు పెద్ద ఆట ముగిశాక తెర మీద వందల పేర్లు, కొన్నిసార్లు వేల పేర్లు, సాగిపోతాయి. మధ్యలో ఉద్యోగం మానినవారి పేర్లు ఆ జాబితాలో లేకపోవడం ఇప్పటికీ వివాదమే. రాబినెట్‌కు కనీసం ఒక గది దొరికింది.