ఎల్లలు మారినపుడు ఆటగాడెవ్వరివాడు?



మన ఓరుగల్లులో తొంబదియేండ్లు దాటిన వృద్ధుడు, ఊరు విడువకయే నాలుగు రాజ్యవ్యవస్థలను జూచియుండును. ఆయన పుట్టినది నిజాము నేలిన హైదరాబాదు సంస్థానమున. 1948 సెప్టెంబరులో ఆ సంస్థానము భారతదేశమున జేరినది. 1956 నవంబరు 1వ తేదీన తెలంగాణము ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున భాగమైనది. 2014 జూన్ 2వ తేదీన ప్రత్యేక రాష్ట్రమైనది. మనిషి కదలలేదు, ఎల్లలే కదలినవి. “నీ వెక్కడివాడవు?” అని యడిగినచో ఆయన చెప్పు జవాబు ఒకటే. దస్త్రములు చెప్పు జవాబు మాత్రము మారుచు వచ్చినది.

ఎవడు స్థానికుడు, ఎవడు పరస్థలుడు అను ప్రశ్న మనకు కొత్తది కాదు. ముల్కీ, గైర్ ముల్కీ యను మాటలు మన పల్లెలలో సైతము ఎఱుగనివారు లేరు. సంస్థానమున కొలువు గోరు బయటివానికి పదునైదేండ్ల నివాసము కావలయునని నిబంధన యుండెను. ఆ నిబంధన సరిగా నడచుట లేదని 1952లో ఓరుగల్లులోనే విద్యార్థుల ఆందోళన మారంభమై హైదరాబాదునకు వ్యాపించెను. సెప్టెంబరులో అచ్చట కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. కొలువుల విషయమున మన మెఱిగిన యీ చిక్కే దేశములు విడిపోయినపుడు ఫుట్‌బాల్ ఆటగాండ్రకును గలిగినది. ఆ చరిత్రను కొంత విన్నవించెదను.

దేశముల నడుమ జరుగు ఫుట్‌బాల్ ఆటకు నియమములు విధించు సంస్థ ఫీఫా. అది 1904లో పారిసు నగరమున స్థాపితమైనది. తొలిరోజులలో దాని కట్టుబాట్లు సడలుగా నుండెను. హంగరీ దేశపు జట్టునకు నాయకుడుగా నుండిన పుష్కాషు, 1956లో రష్యాసేనలు తన దేశమును త్రొక్కివేసిన పిదప తిరిగి పోక, 1962 ప్రపంచ పోటీలలో స్పెయిను పక్షమున నాడెను. ఆ దశాబ్దముననే కట్టుబాటు బిగిసెను. ఒక దేశము పక్షమున నాడినవాడు మఱియొక దేశము పక్షమున నాడరాదని నిర్ణయమైనది. బేరమాడి దేశములు మార్చువారిని అరికట్టుటకు ఇది మంచి నియమమే. కాని తాను మారక, తన దేశమే మారిపోయిన వాని సంగతి యేమి?

1947వ సంవత్సరమును జూడుడు. అంతకు పూర్వము పెషావరునుండి గాని ఢాకానుండి గాని కలకత్తాకు వచ్చి యాడువాడు పరదేశి కాడు. మన తెలుగువాడు మదరాసు పోయి యాడినట్లే యది. ఆగస్టు నెలలో గీత గీయబడినంతనే అదే ఆట, అదే మైదానము, కాని మనిషి విదేశీయుడు. పూర్ణియాలో బుట్టి మాంత్రికుడని పేరొందిన సమద్, విభజన పిమ్మట తూర్పు పాకిస్తానమున స్థిరపడి 1964లో అచ్చటనే కన్నుమూసెను. 1920లో కలకత్తాలో వెలసిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఏ సీమ పేరు పెట్టుకొన్నదో ఆ సీమయే పరదేశమయ్యెను. 1950 తరువాతి యేండ్లలో ఆ క్లబ్బున నాడిన మసూద్ ఫక్రీ పాకిస్తాను జట్టు ఆటగాడు. అంతకు కొలది యేండ్ల ముందైనచో ఆయనను విదేశీయు డనువా డుండడు.

మన సంస్థానపు సంగతి యింతకంటె విచిత్రము. 1947 ఆగస్టు 15 మొదలు 1948 సెప్టెంబరు 17 వఱకు, పదుమూడు నెలలు, హైదరాబాదు రెండు దేశములలో దేనియందును జేరక నిలిచెను. 1948 జూలై 31వ తేదీన స్వతంత్ర భారత జట్టు లండను ఒలింపిక్సులో ఫ్రాన్సుతో నాడి 2-1 గోళ్లతో ఓడినపుడు హైదరాబాదు ఇంకను బయటనే యున్నది. ఆ స్థితియే స్థిరపడినచో మన ఆటగాండ్రు బొంబాయిలో పరదేశులై యుందురు. కాని సంస్థానము కలిసిన మూడేండ్లలోపలనే, 1951 మార్చిలో, ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందిన భారత జట్టునకు శిక్షకుడు హైదరాబాదు నివాసి సయ్యద్ అబ్దుల్ రహీము. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. నిన్నటి దాక బయట నున్నవారని వారిని ద్రోసివేసినచో నష్టపోయెడిది భారతదేశమే.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమే లేకుండ బోయినది. ఆ నెల గడచి డిసెంబరు వచ్చుసరికి రహీము శిక్షణలో భారత జట్టు మెల్బోర్ను ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో నోడించి, కడకు నాలుగవ స్థానము నందెను. నూర్ మహమ్మదు, అజీజుద్దీను, తులసీదాసు బలరాము ఆ జట్టున నాడిన మనవారు. వింత యేమనగా, పటములో లేని హైదరాబాదు పేరు మైదానమున నిలిచియే యుండెను. 1956-57లోను, 1957-58లోను రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు పేరిటనే గెలిచిరి. హైదరాబాదు, ఆంధ్ర ఫుట్‌బాల్ సంఘములు రెండును 1959లో గాని ఏకము కాలేదు. 1965-66లో ఆ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ పేరిట వచ్చెను. నేడు తెలంగాణము తన పేరిట వేఱుగ నాడుచున్నది. రాజ్యము ఒక్క రాత్రిలో మారును. సంఘములు, జట్లు, మనుష్యుల అలవాట్లు మెల్లగ మారును. ఆ నడిమి కాలమున ఆటగాని జీవనము చెడకుండ జూచుట పెద్దల ధర్మము.

ఆ ధర్మము కష్టమైన సందర్భము 1971లో గలిగెను. తూర్పు బెంగాలు విముక్తికై పోరాడుచుండగా, అచ్చటి ఆటగాండ్రు కొందఱు కలకత్తా చేరి “స్వాధీన బాంగ్లా” జట్టుగా నేర్పడి, పోరాటమునకు ధనము గూర్చుటకై ఊరూర నాడిరి. వారి నాయకుడు జకారియా పింటూ. జూలై 25న నదియా జిల్లా కృష్ణనగరమున వారి తొలి యాట. ఆట కుముందు వారు తమ జెండా నెగురవేసిరి. లోకము గుర్తింపని దేశపు జట్టుతో నాడినందుకు నదియా జిల్లా సంఘమునకు శిక్ష పడినది. మోహన్ బగాను క్లబ్బువారు తమ పేరు వాడుటకు వీలు లేక, గోష్ఠపాల్ జట్టు అను పేరుతో వారి కెదురుగ నాడిరి. ఆ యాటగాండ్రలో ఒకనాడు పాకిస్తాను రంగులు ధరించినవారు నుండిరి. పాతదేశమును విడిచిరి; కొత్తదేశ మింకను పుట్టలేదు. ఆ డిసెంబరులో వారి దేశము స్వతంత్రమయ్యెను. 1973లో మలేషియాలో ఆడిన బంగ్లాదేశ్ జట్టునకు పింటూయే నాయకుడు. ఆ దేశమునకు ఫీఫాలో స్థానము 1976లో లభించెను. 1991లో మోనెం మున్నా ఢాకానుండి ఈస్ట్ బెంగాల్ క్లబ్బునకు వచ్చి యాడినది విదేశీ ఆటగాడుగనే.

ఐరోపా ఖండమునను ఇట్టివి జరిగినవి. 1938లో జర్మనీ ఆస్ట్రియాను గలుపుకొన్నపుడు, ప్రపంచ పోటీలకు అర్హత గాంచిన ఆస్ట్రియా జట్టు మాయమై, దాని యాటగాండ్రు కొందఱు జర్మనీ పక్షమున నాడవలసి వచ్చెను. 1991 డిసెంబరులో సోవియట్ రాజ్యము కూలగా, దాని జట్టు మఱుసటి యేడు ఐరోపా పోటీలలో తాత్కాలికపు పేరుతో నాడెను. యుగోస్లావియా చీలినప్పుడు ఫీఫా పాత నియమమును గట్టిగ బట్టుకొనలేదు. 1990 ప్రపంచ పోటీలలో యుగోస్లావియాకు గోలు చేసిన ప్రోసినెచ్కి, 1998లో క్రొయేషియా పక్షమునను గోలు చేసెను. దేశము విడిచినది ఆయన కాదు. దేశమే ఆయనను విడిచినది.

ఈ యనుభవముల ఫలము నేటి నియమములలో గలదు. ప్రభుత్వ నిర్ణయమువలన తన సమ్మతి లేకయే పౌరసత్వమును గోల్పోయినవాడు మఱియొక జట్టునకు మార గోరవచ్చును. 2016లో ఫీఫాలో జేరిన కొసావో వంటి కొత్తదేశముల వారికిని మార్గ మేర్పడినది. తానై దేశము మార్చువానికి మాత్రము కట్టుబాటు గట్టిది. కొత్త పౌరసత్వము పొందినవాడు, ఆ దేశమున పుట్టుక గాని, తల్లిదండ్రుల లేక అవ్వతాతల సంబంధము గాని లేనిచో, అచ్చట కొన్ని యేండ్ల నివాసము చూపవలయును. మన ముల్కీ నిబంధనకు ఇది తమ్ముని వంటిది.

తానై యెన్నుకొనుట వేఱు. మారిషసునకు వలసపోయిన తెలుగువారి వంశీయుడు వికాస్ దొరసూ ఫ్రాన్సులో జన్మించి 2006 ప్రపంచ పోటీలలో ఫ్రాన్సు జట్టున నుండెను. జపానులో పుట్టిన ఇజుమి అరాటా, తండ్రి భారతీయుడగుటచే, జపాను పౌరసత్వమును వదలుకొని 2013లో భారత జట్టున నాడెను. మన దేశపు జట్టున జేరుటకు భారత పౌరసత్వ ముండితీరవలయును. ఇట్టివారిని నీ వెవ్వరివాడవని యడుగుట న్యాయమే.

ఎల్ల దాటిన మనిషి వేఱు, ఎల్ల తన్ను దాటిపోయిన మనిషి వేఱు. మొదటివాడు ఒక్కమాటు నిశ్చయించుకొని దానికి గట్టుపడవలయును. రెండవవానికి గడచిన దానిని దోషముగ నెంచరాదు. ఫుట్‌బాల్ ఆటగాని బలము పదిపదునైదేండ్ల పాటు మాత్రమే. కాగితములు తేలుటకు ఐదేండ్లు పట్టినచో వాని బ్రతుకున మూడవవంతు పోయినట్లే. రైతునకు అదను తప్పిన వాన వంటి దది. దేశములను విభజించువారు నదులను, అప్పులను, దస్త్రములను పంచుకొందురు. ఆ పంపకపు పత్రములలో ఆటగానికిని, పనివానికిని, విద్యార్థికిని ఒక్క వాక్యము ముందుగనే వ్రాసి పెట్టుట వారి విధి.

సెలవు.